పుస్తకం ముందు పెట్టుకుని కూసం, బెజ్జం నేర్చుకోవడం ఎలా?

మేకులు, బోల్టులు లేకుండా దూలాన్ని స్తంభంతో కలిపే పనిని పుస్తకాల్లోంచి నేర్చుకోవచ్చు. కాకపోతే అందులో ఏది దొరుకుతుందో, ఏది దొరకదో ముందే తెలిసి ఉండాలి. గీత ఎక్కడ గీయాలి, అక్కడే ఎందుకు గీయాలి, ఎంత మందం, ఎంత లోతు అన్నవన్నీ పుస్తకం ఓపికగా చెబుతుంది. ఉలి పదునెక్కిందా, కొయ్య పోగు (నారల వరస) ఎదురు తిరుగుతోందా అన్నది మాత్రం మీ చెయ్యే కనిపెట్టాలి. అందుకే ఇక్కడ చెప్పే పనంతా గీత చుట్టూ తిరుగుతుంది. కోత చెడితే ఒక ముక్క పోతుంది. గీత తప్పితే ఎంత చక్కగా కోసినా చట్రం కుదరదు.

కొయ్య చివర పలచగా నాలుకలా చెక్కే భాగం కూసం. అది దిగడానికి రెండో కొయ్యలో తొలిచే గుంట బెజ్జం. కూసం మొదలయ్యే చోట ఏర్పడే మెట్టును ఇక్కడ భుజం అందాం. అడ్డకొయ్య చివర కూర్చోవడానికి స్తంభం మీద వేసే తక్కువ లోతు కోత గాడి. బరువును ఎక్కువగా మోసేవి భుజమూ గాడీ. కూసం పని వాటిని చోటు తప్పకుండా పట్టి ఉంచడం. కొలతలు అంగుళాల్లో, నూళ్లలో ఇస్తున్నాం. 8 నూళ్లు ఒక అంగుళం.

1. ఏ పుస్తకాన్ని ఎందుకు తెరవాలి

ఈ విషయం మీద పుస్తకాలు మూడు రకాలు. గీతలు గీయడం, కోయడం నేర్పేవి ఒక రకం. పాత కట్టడాల అతుకులను బొమ్మలతో నమోదు చేసినవి రెండో రకం. బలం, బరువు లెక్కలు చెప్పేవి మూడో రకం. కొత్తవాళ్ల చూపు ముందు రెండో రకం మీద పడుతుంది, ముఖ్యంగా జపాన్ అతుకుల బొమ్మల మీద. అవి చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. కానీ ఆ బొమ్మలు పూర్తయిన అతుకును విడదీసి చూపిస్తాయే తప్ప, మొదటి గీత ఏ ముఖం మీద పడాలో చెప్పవు. మొదటి రకం పుస్తకం ఒక్కటి తీసుకోండి. అందులో గీతల అధ్యాయాన్ని రెండుసార్లు చదివాకే కోత అధ్యాయానికి రండి.

చదివేటప్పుడు రెండుచోట్ల జాగ్రత్త. మొదటిది బొమ్మల అమరిక. మన ఐటీఐల్లో, ఇంజనీరింగ్ కాలేజీల్లో నేర్పేది ఫస్ట్ యాంగిల్ పద్ధతి. అందులో ఎడమ వైపు నుంచి చూసిన బొమ్మను కుడి పక్కన వేస్తారు. అమెరికా పుస్తకాలు థర్డ్ యాంగిల్ పద్ధతిలో ఉంటాయి కాబట్టి ఎడమ వైపు దృశ్యం ఎడమ పక్కనే ఉంటుంది. ఈ తేడా పట్టించుకోకపోతే కూసం అద్దంలో చూసినట్టు తిరగబడి తయారవుతుంది. కోత అంతా సరిగానే ఉంటుంది, బిగించబోతే స్తంభం తప్పు వైపు తిరిగి ఉంటుంది.

రెండోది కొలతలు. అమెరికాలో దుకాణంలో కొనే 2×4 నిజానికి ఒకటిన్నర అంగుళం మందం, మూడున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. చట్రాల పుస్తకాల్లో 8×8 అన్నప్పుడు మాత్రం సాధారణంగా మిల్లులో కోసిన నిండు 8 అంగుళాలే. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు హోమ్ స్టోర్ కలపతో మొదలుపెడితే ఈ లెక్క ముందే సరిచూసుకోవాలి.

పుస్తకంలోని అంకెలను అలాగే ఎత్తి రాసుకోవద్దు, నిష్పత్తులు రాసుకోండి. చైనాలో సోంగ్ రాజ్యం 1103లో ప్రచురించిన నిర్మాణ గ్రంథం యింగ్జావో ఫాషి సరిగ్గా ఇదే దారి పట్టింది. ఒక ప్రమాణ కొయ్యను తీసుకుని దాని ఎత్తును 15 భాగాలుగా, వెడల్పును 10 భాగాలుగా లెక్కగట్టింది. కట్టడం స్థాయిని బట్టి ఆ కొయ్యకు ఎనిమిది పరిమాణాలు పెట్టింది. భవనం పెద్దదైనా చిన్నదైనా నిష్పత్తి మారదు. మీ నోటుబుక్కులో ఇవి చాలు: కూసం మందం కొయ్య మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు, బెజ్జం లోతు కూసం పొడవుకన్నా 2 నూళ్లు ఎక్కువ, చీల (అతుకును బిగించే కొయ్యమేకు) రంధ్రం అంచు నుంచి కూసం కొస వరకు కనీసం చీల వ్యాసానికి రెండింతలు.

2. కలప, పనిముట్లు

అడితిలో 4×4 అంగుళాల కొయ్య 8 అడుగులవి రెండు తీసుకోండి. ఒక్కోటి 0.89 ఘనపుటడుగు, రెండూ కలిపి 1.78. మొదటి కొయ్యను రెండేసి అడుగుల నాలుగు ముక్కలు చేసి సాధనకు వాడతారు. రెండోది అసలు చట్రానికి.

సాధనకు పైన్ మేలు. పోగు తిన్నగా ఉంటుంది, తప్పు చేస్తే వెంటనే కనిపిస్తుంది. నీలగిరి ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, మొదటి పనికి వద్దు. వేపలో పోగు అల్లుకుని ఉంటుంది కాబట్టి ఉలి ఒకవైపు నున్నగా కోసి రెండోవైపు లేపేస్తుంది. చెయ్యి కుదిరాక వేప మీద చేసి చూడండి, చాలా నేర్పుతుంది. టేకు ఎప్పుడైనా మంచిదే కానీ సాధన ముక్కలకు అంత ఖర్చు అక్కర్లేదు.

కొనేముందు కొయ్య కొస చూడండి. వలయాల నడిబొడ్డు కొయ్య మధ్యలో ఉంటే ఆరేకొద్దీ ముఖాలు పగుళ్లు తీస్తాయి. నడిబొడ్డు కొయ్యలో పడకుండా, మాను పక్క భాగం నుంచి కోసిన కొయ్య అడగండి. చేవ లేని తెల్లభాగం ఉన్నవైపు పురుగు ముందు పడుతుంది.

పనిముట్లు ఎక్కువ వద్దు. ఒక అంగుళం ఉలి, అర అంగుళం ఉలి, కొయ్యసుత్తి, అడ్డకోత రంపం, నిలువుకోత రంపం, చిత్రిక, మూలమట్టం, మార్కింగ్ గేజ్ (ముఖానికి ఆనించి ఒకే దూరంలో గీత గీసేది), గీతలకు సన్నని కత్తి, డ్రిల్లు, ముప్పావు అంగుళం, అర అంగుళం బిట్లు. అర అంగుళం బిట్టుకు మధ్యలో మొన ఉండాలి, చీల వేసేటప్పుడు దాని అవసరం తెలుస్తుంది.

కొత్త ఉలి దుకాణం నుంచి పదునుతో రాదు. ముందు దాని వెనక ముఖాన్ని, కనీసం కొస దగ్గర ఒక అంగుళం మేర, అద్దంలా చదును చేయాలి. తర్వాత వాలు ముఖాన్ని 30 డిగ్రీల దగ్గర 1000 గ్రిట్ సానరాయి మీద, ఆపై 6000 మీద రుద్దాలి. పదును చూసేందుకు వెంట్రుకలు గొరగక్కర్లేదు. పైన్ ముక్క కొసను అడ్డంగా పలచగా కోయండి. కోసిన చోటు మెరిస్తే పదునుంది. పొడిపొడిగా చిట్లితే లేదు. పుస్తకం తప్పు చెప్పిందనిపించే సందర్భాల్లో చాలావరకు అసలు లోపం మొద్దుబారిన ఉలిలోనే ఉంటుంది.

3. గీత: తొందరపడకూడని చోటు

పుస్తకంలో గీసిన కొయ్య నాలుగు మూలలూ సరిగ్గా 90 డిగ్రీలు. అడితి కొయ్య అలా ఉండదు. 4 అంగుళాలన్నది ఒకచోట 3 అంగుళాల 7 నూళ్లు, ఇంకోచోట 4 అంగుళాల 1 నూలు ఉంటుంది. ఈ వంకర కొయ్యలతో తిన్నని చట్రం ఎలా కట్టాలన్నదే ఈ విద్యకు మూలప్రశ్న. ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పింది.

ఫ్రాన్సులో కొయ్యలను నేల మీద గీసిన నిండు పరిమాణపు నక్షా మీద పేర్చి, ఒకదాని వంకరను రెండోదాని మీదికి గీతగా దించుతారు. ఈ సంప్రదాయాన్ని యునెస్కో 2009లో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. జపాన్ వడ్రంగులు సిరాలో తడిపిన దారంతో కొయ్య నడిమీద గీత కొట్టి, కొలతలన్నీ ఆ నడిగీత నుంచి తీస్తారు. అమెరికాలో 19వ శతాబ్దం మొదట్లో స్థిరపడిన స్క్వేర్ రూల్ మూడో దారి. వంకర కొయ్య లోపల కాస్త చిన్నదైన, నిఖార్సైన చదరపు కొయ్య ఒకటి దాగి ఉందని అనుకుంటారు. అతుకు వచ్చే చోట మాత్రమే పై కొయ్యను ఆ లోపలి కొలత వరకు చెక్కేస్తారు. ఒంటరిగా, పుస్తకంతో నేర్చుకునేవాళ్లకు ఇదే అనువు. ప్రతి కొయ్యనూ విడిగా గీసి, విడిగా కోయవచ్చు. కొయ్యలన్నీ ఒకేసారి పేర్చేంత చోటూ అక్కర్లేదు.

మన 4×4కి లోపలి కొలత 3¾ అంగుళాలు అనుకుందాం. ఇప్పుడు పని వరస:

మూలమట్టాన్ని పరీక్షించండి. తిన్నటి అంచున్న పలక మీద దాన్ని ఆనించి గీత గీయండి. తిరగేసి అదే చుక్క నుంచి మళ్లీ గీయండి. రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పడితే మట్టం మంచిది. కొసన విడిపోతే ఆ ఎడంలో సగం మట్టంలో ఉన్న తప్పు.

ప్రతి కొయ్యకూ పక్కపక్కన ఉన్న రెండు మంచి ముఖాలు ఎంచుకోండి. అవి ఒకదానికొకటి మూలమట్టంగా ఉండాలి, లేకపోతే చిత్రిక పట్టి తేవాలి. వాటి మీద కొట్టొచ్చినట్టు గుర్తు పెట్టండి. ఇవి ఆధార ముఖాలు. స్తంభానికి చట్రం బయటివైపు ముఖం ఒకటి, పక్క ముఖం ఒకటి. అడ్డకొయ్యకు పై ముఖం, పక్క ముఖం. ఇక మీదట ఏ కొలతైనా ఈ ముఖాల నుంచే తీయాలి. గేజ్‌ను వీటికే ఆనించాలి. ఎదుటి ముఖం నుంచి ఒక్క కొలత తీసినా, కొయ్య వెడల్పులో ఉన్న తేడా మొత్తం అతుకులోకి వచ్చి కూర్చుంటుంది.

మన చట్రం హెచ్ ఆకారంలో ఉంటుంది, బల్లకు ఒకవైపు కాళ్లుగా పనికొస్తుంది. స్తంభాల బయటి ముఖం నుంచి బయటి ముఖానికి 36 అంగుళాలు. రెండు వైపులా 3¾ తీసేస్తే భుజం నుంచి భుజానికి 28½. రెండు కూసాలు రెండున్నర అంగుళాల చొప్పున కలిపితే అడ్డకొయ్య పొడవు 33½. స్తంభాలు 30 అంగుళాలవి రెండు. మొత్తం 93½, 8 అడుగుల కొయ్యలో రంపం తినేదానికీ కొసలు సరిచేయడానికీ రెండున్నర అంగుళాలు మిగులుతాయి.

స్తంభం లోపలి ముఖం మీద అడ్డకొయ్య ఆనే చోట 3¾ ఎత్తున గాడి గీయండి. గాడి అడుగు బయటి ఆధార ముఖం నుంచి సరిగ్గా 3¾ దూరంలో ఉండాలి. కొయ్య మందాన్ని బట్టి దాని లోతు ఒకచోట 1 నూలు, ఇంకోచోట 3 నూళ్లు రావచ్చు. అది తప్పు కాదు, ఆ పద్ధతి చేసే పనే అది. అడ్డకొయ్య కొసను కూడా పై ముఖం నుంచి 3¾ వద్ద గీసి, కింద మిగిలినది చెక్కేయాలి. అప్పుడే అది గాడిలో సరిగ్గా కూర్చుంటుంది. బెజ్జం 1 అంగుళం వెడల్పు, పక్క ఆధార ముఖం నుంచి 1½ దూరంలో మొదలు. లోతు గాడి అడుగు నుంచి 2¾. కూసం కూడా అదే గేజ్ అమరికతో గీయాలి, గేజ్‌ను మధ్యలో కదపొద్దు.

భుజం గీతలు, బెజ్జం కొస గీతలు కత్తితో గీయండి. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, కత్తి గీతలో ఉలి మొన దానంతటదే కూర్చుంటుంది. భుజం గీతను నాలుగు ముఖాల మీదా తిప్పి తెచ్చాక మొదలుపెట్టిన చుక్క దగ్గరే కలవాలి. కలవకపోతే ఆధారం కాని ముఖానికి మట్టం ఆనించి ఉంటారు. గీత కలవని కొయ్యను కోయొద్దు.

4. బెజ్జం ముందు, కూసం తర్వాత

కూసాన్ని పలచన చేయడం సులువు, బెజ్జాన్ని ఇరుకు చేయడం కుదరదు. అందుకే ఈ వరస.

గాడి ముందు చెక్కండి. తర్వాత బెజ్జం మధ్యగీత మీద ముప్పావు అంగుళం బిట్టుతో పక్కపక్కనే రంధ్రాలు వేయండి. గాడి అడుగు నుంచి 2¾ దగ్గర ఆగేలా బిట్టుకు టేపు చుట్టండి. మిగిలిన గోడలను ఉలితో పలచపలచగా గీత వరకు తీయండి. ఉలి వెనక ముఖం ఎప్పుడూ గీత వైపే ఉండాలి. పోగుకు అడ్డంగా ఉండే రెండు కొసలను చివరికి ఉంచండి.

లోపలి గోడ మధ్యలో కాస్త లోతుకు పోయినా నష్టం లేదు. ఉబ్బెత్తుగా మాత్రం ఉండకూడదు. కంటితో చూస్తే ఇది తెలియదు. సరిగ్గా ఒక అంగుళం మందం ఉన్న చెక్కముక్క తయారు చేసుకుని బెజ్జంలో దించుతూ చూడండి. ఎక్కడ ఆగితే అక్కడ ఉబ్బు ఉంది.

కూసానికి ముందు భుజం కోత. రంపం గీతకు బయట, అర నూలు ఎడంగా నడవాలి. రంపం కూసం లోపలికి దిగిందంటే సరిగ్గా బరువు పడే చోటే అది బలహీనమవుతుంది. పక్కలను నిలువుకోత రంపంతో తీయండి. కొన్ని పుస్తకాలు ఉలి పెట్టి పేడు లేపేయమంటాయి. పోగు తిన్నగా ఉంటే అది చాలా వేగమైన పని. ముందు గీతకు పైన సగం మందంలో ఒక పేడు లేపి పోగు ఎటు పోతోందో చూడండి. కూసం వైపు కిందికి దిగుతుంటే అక్కడే ఆపి రంపం అందుకోండి.

చివరి అర నూలు ఉలితో భుజం మీద తీసేటప్పుడు, బయటి అంచు నుంచి లోపలికి వెంట్రుకవాసి వాలు ఇవ్వండి. కనిపించే అంచు బిగుతుగా ఆనుతుంది, లోపల ఏదీ అడ్డుపడదు.

5. దించి చూడటం, తప్పు చదవడం

కూసం చేతి బలంతో సగం దాకా, మిగతాది కొయ్యసుత్తి చిన్న దెబ్బలతో దిగాలి. పెద్ద దెబ్బలు కావాల్సి వస్తే ఆపండి. బలవంతం చేస్తే స్తంభం పోగు వెంట చీలుతుంది. కూసం పక్కలకు సుద్ద రాసి దించి తీయండి. ఎక్కడ సుద్ద చెరిగి మెరుస్తుందో అక్కడే పట్టుకుంటోంది, అక్కడొక్కచోటే తీయండి.

కూసం పూర్తిగా దిగినా భుజం చుట్టూ సమానంగా సందు ఉంటే కూసం కొస బెజ్జం అడుగును తాకుతోంది, లేదా గాడి మూలల్లో చెత్త మిగిలింది. భుజం ఒకవైపు ఆని రెండోవైపు సందు ఉంటే మూలమట్టం పెట్టి మూడు చోట్ల చూడండి: భుజం, గాడి అడుగు, బెజ్జం గోడ. చాలామంది భుజాన్నే మళ్లీ మళ్లీ కోస్తూ అడ్డకొయ్యను పొట్టిచేసుకుంటారు. తప్పు తరచుగా బెజ్జం గోడ వాలులో ఉంటుంది. అడ్డకొయ్య పక్క ముఖం స్తంభం పక్క ముఖంతో సమానంగా రాకపోతే, గేజ్ ఒకదాని మీద ఆధార ముఖానికి, రెండోదాని మీద ఎదుటి ముఖానికి ఆనింది. దాన్ని సరిచేయడం కుదరదు, కొత్త ముక్క తీసుకోండి.

కూసం వదులైతే పక్కకు పలచటి చెక్కపొర అతికించి మళ్లీ చెక్కవచ్చు. సాధన ముక్కల మీద మాత్రం ఆ పని వద్దు. ఎంత వదులో కొలిచి ముక్క మీదే రాసి, తర్వాతిది కోయండి.

6. లాగి బిగించే చీల

ఈ అతుకును బిగించేది జిగురు కాదు, చీల. స్తంభంలో రంధ్రం ఒకచోట, కూసంలో రంధ్రం కొద్దిగా పక్కన ఉంటాయి. చీల దిగేటప్పుడు రెండింటినీ ఒక వరసకు తెస్తూ భుజాన్ని గాడిలోకి లాగుతుంది.

బెజ్జంలో పారేసే చెక్క ఒకటి దించి, స్తంభం పక్క ఆధార ముఖం నుంచి అర అంగుళం రంధ్రం ఇటునుంచి అటు వేయండి. లోపల చెక్క లేకపోతే బెజ్జం గోడ లోపలివైపు చిట్లుతుంది. రంధ్రం నడిచుక్క గాడి అడుగు నుంచి 1¼ దూరంలో ఉండాలి. ఇప్పుడు కూసం పూర్తిగా దించి, బిట్టు మొనతో రంధ్రంలోంచి కూసం మీద చుక్క పెట్టండి. బయటికి తీసి, ఆ చుక్కకన్నా అర నూలు భుజం వైపుకు జరిపి కూసంలో రంధ్రం వేయండి. మెత్తటి కొయ్యలో ముప్పావు నూలు వరకు జరపవచ్చు.

జరిపే దిక్కు భుజం వైపే. కొస వైపు జరిపితే చీల కొట్టేకొద్దీ అతుకు తెరుచుకుంటుంది. కూసం మీద బాణం గుర్తు వేసుకునే దాకా డ్రిల్లు ముట్టుకోకండి.

చీలకు బాగా ఆరిన తుమ్మ లేదా టేకు చేవ. రంపంతో కోసింది కాకుండా పోగు వెంట చీల్చిందే కావాలి. కోసిన దానిలో పోగు మధ్యలో తెగి ఉంటుంది కాబట్టి వంపు తిరిగే చోట విరుగుతుంది. ఆరు అంగుళాల పొడవు, ఎనిమిది పలకలుగా చెక్కి, కొసన ఒకటిన్నర అంగుళం సన్నబరచండి. చీల లోపల విరిగితే జరుపు ఎక్కువైంది లేదా పోగు తెగిన ముక్క వాడారు. కూసం కొస చీలితే రంధ్రం కొసకు దగ్గరగా పడింది.

పెద్ద కూసాలకు రెండు చీలలు వేస్తారు. అవి రెండూ స్తంభంలో ఒకే పోగు మీద పడకుండా 2 నూళ్లు అటూ ఇటూ వేయాలి.

7. ఆరిన కొయ్య, ఆరని కొయ్య

ఐరోపా, అమెరికా చట్రాల పుస్తకాలు ఎక్కువగా పచ్చి కొయ్యతో పని చెబుతాయి. పచ్చి టేకు 4 అంగుళాల కొయ్య ఆరేసరికి వెడల్పులో దాదాపు ఒక నూలు తగ్గొచ్చు, పొడవులో తగ్గేది లెక్కలోకి రాదు. ఈ తేడా వల్లే అతుకులో సందులు వస్తాయి. స్తంభంలో బెజ్జం ఎత్తు పోగు వెంట ఉంది కాబట్టి అది మారదు. అడ్డకొయ్య ఎత్తు పోగుకు అడ్డంగా ఉంది కాబట్టి తగ్గుతుంది. అందుకే అడ్డకొయ్య ఎప్పుడూ గాడి కింది మెట్టు మీద కూర్చోవాలి. పైన సందు కనిపిస్తే పరవాలేదు. కింద సందు ఉంటే బరువంతా చీల మీద వేలాడుతోంది. పచ్చి కొయ్యతో చేసినా చీల మాత్రం ఎండినదే ఉండాలి. పచ్చి చీల ఆరి, సన్నబడి వదులవుతుంది.

బయట నిలబెట్టే చట్రమైతే స్తంభం కాలు నేలలో పాతొద్దు. మన పాత మండువా లోగిళ్లలో లాగా రాతి దిమ్మ మీద నిలపండి. చెద, తేమ రెండూ కింది కొస నుంచే ఎక్కుతాయి. కలపకు మందు పట్టించే పద్ధతులు భారత ప్రమాణం (ఐఎస్) 401లో ఉన్నాయి, ఏ వాతావరణంలో ఎంత తేమ ఉండొచ్చో ఐఎస్ 287లో ఉంది.

8. ఆ తర్వాత

రెండు సాధన అతుకులు, ఒక హెచ్ చట్రం అయ్యాక పుస్తకాల్లో రెండో రకానికి వెళ్లండి. అప్పుడు ఆ బొమ్మలు మీకు వేరేగా కనిపిస్తాయి. ఇంగ్లాండులోని ఎసెక్స్‌లో క్రెసింగ్ టెంపుల్ దగ్గర 13వ శతాబ్దపు ధాన్యపు కొట్టాలు రెండు ఇంకా నిలబడి ఉన్నాయి. సెసిల్ హ్యూయెట్ అనే పరిశోధకుడు అలాంటి కట్టడాల అతుకులను కొలిచి గీసి, అతుకు తీరును బట్టి కట్టడం వయసు అంచనా వేయవచ్చని వాదించాడు. అదే చూపుతో మీ ఊళ్లో పాత పెంకుటిల్లో, మండువానో చూడండి. చీల కొసలు బయటికి కనిపిస్తాయి. ఆ చుక్కలు భుజం గీత నుంచి ఎంత దూరంలో ఉన్నాయో కొలిస్తే లోపల కూసం ఎంత పొడవుందో ఊహించవచ్చు. ఇంటివాళ్లనడిగి కొలిచి నోటుబుక్కులో గీసుకోండి.

తర్వాతి పని వరస ఇది: స్తంభానికీ అడ్డకొయ్యకూ మధ్య ఏటవాలు కొయ్య, ఆపై నాలుగు కాళ్ల బల్ల, ఆపై పూలతీగల పందిరి. రెండు దూలాలను పొడవునా కలిపే అతుకులు, ముఖ్యంగా జపాన్ పద్ధతిలోవి, పందిరి తర్వాతే. వాటిలో నాలుగైదు ముఖాలు ఒకేసారి ఆనాలి. కూసం భుజం రెండు దెబ్బల్లో ఆనే స్థాయికి రాకముందు వాటిని పట్టుకుంటే కలప వృథా అవుతుంది.

మనుషులు కింద కూర్చునే పెంకు కప్పు, మిద్దె దూలం లాంటివి పుస్తకం చూసి సొంతంగా కట్టొద్దు. కలప కట్టడాల లెక్కలకు ఐఎస్ 883 ఉంది, దాన్ని చదివి అర్థం చేసుకోండి. కానీ లెక్కను స్ట్రక్చరల్ ఇంజనీరు చేతే సరిచూపించుకోండి. కోస్తాలో తుపాను గాలి కప్పును కిందికి నొక్కడమే కాదు, పైకి కూడా లాగుతుంది. కూసం, గాడి కిందికి దిగే బరువు మోయడానికి బాగా పనికొస్తాయి. పైకి లాగే బలానికి మిగిలేవి చీలలే. దానికి ఎన్ని చీలలు, ఎక్కడ ఇనుప పట్టీ కావాలి అన్నది ఇంజనీరు తేల్చాలి.

సాధన అతుకులు పారేయకండి. తేదీ, కొయ్య పేరు, కూసం మందం, భుజం సందు ఆ ముక్కల మీదే రాసి నీడలో పెట్టండి. మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి సందు మళ్లీ కొలిచి పక్కనే రాయండి. మీ ఊరి ఎండకు, వానకు ఆ కొయ్య ఎంత కదులుతుందో ఆ అంకెలే చెబుతాయి. తర్వాతి చట్రంలో గాడి ఎంత బిగువుగా చెక్కాలో వాటిని బట్టి నిర్ణయించుకోండి.